మూడో వద్దు

మా ఆయన తిరుపతయ్యగారి గురించి చెప్పాలంటే మా పెళ్ళిలో అలకపాన్పు దగ్గర మొదలుపెట్టాలి. ఆయన బండారమంతా అక్కడే బయటపడింది. కొత్త పెళ్ళికూతుర్ని కదా, తల వంచుకుని కూర్చున్న నేనే సరిగ్గా చూసుకోలేదు.

అలకపాన్పు అంటే వేడుక. కొత్త అల్లుణ్ణి మంచం మీద కూర్చోబెడతారు. అతను మూతి ముడుచుకుని, మాటా పలుకూ లేకుండా, అలిగినట్టు కూర్చోవాలి. మామగారు వచ్చి "ఏం కావాలి అల్లుడుగారూ?" అని బతిమాలాలి. అల్లుడు బాగా బెట్టు చేసి ఏ ఉంగరమో స్కూటరో అడిగి, అప్పుడు దిగాలి. 1987లో తెనాలిలో మా నాన్న జేబులో బంగారురంగు చేతిగడియారం పెట్టుకుని మరీ వచ్చి అడిగారు. ఈయన గబుక్కున లేచి నిలబడి, "అబ్బే, ఏమీ వద్దండీ" అన్నారు. నాన్న రెండోసారి అడిగారు. "నిజంగానే వద్దండీ మావయ్యగారూ, మన మధ్య ఇవన్నీ ఏంటండీ" అన్నారు. మా నాన్న లెక్కల మాస్టారు. ఒక జవాబు రెండుసార్లు వస్తే అది రైటే అనుకునే మనిషి. "సరే నాయనా" అని వెళ్ళిపోయారు. మర్నాటికి ఆ గడియారం మా తమ్ముడి చేతికి ఉంది. మంచం ఎక్కడానికి పట్టినంత సేపు కూడా దిగడానికి పట్టలేదు మా ఆయనకి. పెళ్ళివారంతా "ఎంత మంచివాడో, బొత్తిగా ఆశ లేదు" అని మెచ్చుకున్నారు. నేనూ అదే నమ్మాను, ఇరవై రెండేళ్ళు నమ్మాను.

ఇక మిషిగన్ సంగతి. మేము నోవైలో ఉంటాం. వానలో కారు అద్దం మీద అటూ ఇటూ ఊగే వైపర్ ఉంటుందే, దాని మోటారు డిజైన్ చేసే ఇంజనీరు ఈయన. 2009 జనవరిలో ఆ కంపెనీ వాళ్ళు ఒకే రోజు నాలుగు వందల మందిని ఇంటికి పంపించారు. గ్రీన్ కార్డ్ చేతికొచ్చి ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మా పని గోవిందా. ఆరోజు ఆయన ఒక అట్టపెట్టె పట్టుకుని మంచులో నడుచుకుంటూ లోపలికి వచ్చారు. పెట్టెలో ఒక కాఫీ కప్పు, మా పెళ్ళి ఫోటో, పదకొండు వైపర్ మోటార్లు ఉన్నాయి. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న మా వీధి చివరి రాధారాణి మాడిపోయిన మిక్సీ తెచ్చింది. ఈయన గరాజ్‌లో బల్ల ముందు కూర్చుని దాన్ని విప్పారు. సాయంత్రానికి ఈల వేస్తూ లోపలికి వచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇండియా మిక్సీకి ఇక్కడి కరెంటు పడదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని వాడతారు, అది బరువు, ఇది వేడి, ఒకరోజు ఇడ్లీపిండి సగంలో ఉండగా గుప్పుమని పొగ. నోవైలో మిక్సీ, గ్రైండర్ బాగుచేసే మనిషి మా ఆయన ఒక్కరే. ఫిబ్రవరి వచ్చేసరికి గరాజ్‌లో కారు పెట్టడానికి చోటు లేదు. తలకిందులుగా పెట్టిన గ్రైండర్లు, ప్రెజర్ కుక్కర్లు, ఒకావిడ హార్మోనియం కూడా. అబ్బ, ఉద్యోగం పోతే పోయింది, దేవుడు దారి చూపించాడు అనుకున్నాను. ఇంకా పైసా రాలేదని నాకు మార్చిలో తెలిసింది.

ఎందుకు రాలేదంటే, మా ఆయనకి రేటు చెప్పడం రాదు. మొహమాటం. మన ఊళ్ళో అయితే ఇదొక పద్ధతి ప్రకారం జరిగిపోతుంది. "ఎంతివ్వమంటారు?" అంటారు వాళ్ళు. "అబ్బే, వద్దండీ" అంటాం మనం. "అలాగంటే ఎలా?" అంటారు. "మన మధ్య డబ్బులేంటండీ, వద్దు" అంటాం. "మీరు తీసుకోకపోతే మళ్ళీ మీ గుమ్మం తొక్కను" అంటారు. అప్పుడు మూడో వద్దు. అది నోటితో అంటూనే చేత్తో పుచ్చుకునే వద్దు. చిన్నపిల్లలక్కూడా తెలిసిన సంగతే ఇది. మా ఆయన మూడో వద్దు దాకా వెళ్ళే మనిషి. మరి అవతలివాళ్ళు కూడా రావాలి కదా!

సాయి తేజ అని, మాస్టర్స్ చదవడానికి వచ్చిన వరంగల్ కుర్రాడు, రైస్ కుక్కర్ బాగుచేయించుకున్నాడు. "ఎంత అంకుల్?" అన్నాడు. "వద్దు బాబూ" అన్నారు ఈయన. "వావ్! మస్తు హెల్ప్ చేసిన్రు అంకుల్, థాంక్యూ సో మచ్!" అని ఒక్క గెంతులో కారెక్కాడు. మరుసటి వారం రూమ్మేట్లవి ఇంకో నాలుగు కుక్కర్లు తెచ్చాడు. పక్కింటి డెబ్బీ బ్లెండర్ తెచ్చింది. "నో నో, ప్లీజ్" అన్నారు ఈయన. "యూ ఆర్ సచ్ ఎ స్వీట్‌హార్ట్" అని ఆవిడ బ్లెండర్ చంకన పెట్టుకుని పోయింది. దానికి మా ఆయన రెండు రోజులు నవ్వుకుంటూ తిరిగారు, నాకు ఒళ్ళు మండిపోయింది. రాధారాణి మాత్రం మన పద్ధతి తెలిసిన మనిషి, రెండో వద్దు దాకా వచ్చేది. అక్కడ ఆగి, మర్నాడు సున్నుండలు పంపేది. మా ఫ్రీజర్ నిండా ఊరందరి సున్నుండలు, పులిహోర, మూడు రకాల ఆవకాయలు. నేను క్రెడిట్ యూనియన్‌లో, అంటే చిన్న బ్యాంకులాంటి దాంట్లో, టెల్లర్‌ని. నా జీతంతో ఇంటి అద్దె కట్టగలను, మిగతావాటికి సున్నుండలు చెల్లవు.

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా పెదనాన్నగారి అబ్బాయి ఈశ్వరయ్య అన్నయ్యకి కన్సల్టింగ్ కంపెనీ ఉంది. ఫోన్ చేసి, "బావని ఇక్కడికి పంపించేయవే శశీ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పిస్తాను. జూన్ ఎనిమిదిన కొత్త బ్యాచ్. మూడు నెలల్లో ఉద్యోగంలో ప్లేస్ చేయిస్తా, నాదీ పూచీ" అన్నాడు. ఆ రాత్రి అన్నాలు తింటుండగా అడిగాను.

"ఏమండీ, ఫ్రిస్కో వెళ్దామా?"

"నీ ఇష్టం" అన్నారు, పెరుగు కలుపుకుంటూ.

ఆయన గరాజ్‌లో ఈల వేస్తున్నప్పుడు ఆ మొహం చూశాను నేను. టెస్టింగ్ అని ఒక గదిలో కూర్చోబెడితే ఆ ఈల ఆగిపోతుందని నాకు తెలుసు. అయినా ఆయనకి అభ్యంతరం లేనప్పుడు నాకెందుకు? మే నెలాఖరు దాకా చూద్దాం, ఈలోగా ఈ రిపేర్ల మీద ఇల్లు గడుస్తుందంటే ఉందాం, లేదంటే ఫ్రిస్కోకి సామాను సర్దుదాం అన్నాను. దానికీ "నీ ఇష్టం" అన్నారు. ఈయనతో పోట్లాడటం కూడా కష్టమే.

నోవై లైబ్రరీలో శనివారం పొద్దున్న ఒక ఉచిత క్లాసు ఉందని బోర్డు చూశాను. సొంత వ్యాపారం పెట్టుకున్నవాళ్ళు కస్టమర్లతో ధర ఎలా మాట్లాడాలో నేర్పిస్తారట. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. పాఠం చెప్పేది వాల్టర్ అనే ముసలాయన. నలభై ఏళ్ళు కార్లు అమ్మి రిటైరయ్యాడు. ప్యాంటు జారకుండా భుజాల మీద ఎర్ర సస్పెండర్లు, పెద్ద గొంతు.

"వ్యాపారమంతా రెండే ముక్కలు" అన్నాడు వాల్టర్ ఇంగ్లీషులో. "ధర చెప్పండి. నోరు ముయ్యండి. ఆ తర్వాత ముందు ఎవరు మాట్లాడితే వాళ్ళు ఓడిపోయినట్టు."

మా ఆయన బుద్ధిగా నోట్‌బుక్‌లో రాసుకున్నారు. కింద గీత కూడా గీశారు.

ఇంటికొచ్చి వంటింట్లో ప్రాక్టీస్ పెట్టాను. నేను కస్టమర్ని, ఆయన ఆయనే.

"మిక్సీ అయిందాండీ? ఎంత?" అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "నల... నల... నల్లగా మాడిపోయిందండీ కాయిలు" అన్నారు.

"నలభై అనండి!"

"నల... నలుగురికీ చెప్పండి, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువసేపు పెట్టకూడదని."

"బాబోయ్! పోనీ ఇంగ్లీషులో అనండి. ఫార్టీ."

"ఫా... ఫ్యాన్ బ్లేడు కూడా కొంచెం వంకర పోయిందండీ."

గంటసేపు ఇదే తంతు. నా తల ప్రాణం తోకకొచ్చింది. నలభై అనే మాట ఈ మనిషి నోట పుట్టదు. ఇంజనీరింగ్‌లో యూనివర్సిటీ సెకండ్ వచ్చిన మనిషి! కూర్చుని ఏడ్చాను కాసేపు. ఆయన పక్కన నిలబడి మంచినీళ్ళిచ్చారు. అంతకన్నా ఏం చెయ్యాలో ఆయనకీ తెలియలేదు పాపం.

దారి ఆయన నోట్లోనే దొరికింది. టైలర్లు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకున్నట్టు, మా ఆయన పనిచేసేటప్పుడు స్క్రూలు పెదాల మధ్య బిగబట్టుకుంటారు. ఏప్రిల్ మొదటి శనివారం రాధారాణి తన గ్రైండర్ తీసుకెళ్ళడానికి వచ్చింది. ఈయన కింద పలక బిగిస్తున్నారు, నోట్లో ఒకటిన్నర అంగుళం స్క్రూ ఉంది.

"ఎంతివ్వమంటారు అన్నయ్యగారూ?" అంది.

ఈయన "మ్" అన్నారు.

"పది ఇవ్వనా?"

ఈయన స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతున్నారు. మాట్లాడలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"అంటే... మోటారు పని కూడా ఉందనుకుంటా కదండీ. ఇరవై?"

ఈయన చేతిలో ఉన్న ఇంకో స్క్రూ ఆ కన్నానికి సరిపోలేదు. దాన్ని చూసి తల అడ్డంగా ఊపారు.

రాధారాణి మొహం పాలిపోయింది. "ముప్పై! ఏమనుకోకండి అన్నయ్యగారూ, నాకు ఇక్కడి రేట్లు తెలీవు. సరే, నలభై. అంతకన్నా అయితే మావారిని అడగాలి" అని రెండు ఇరవై నోట్లు బల్లమీద పెట్టి, గ్రైండర్ ఎత్తుకుని దాదాపు పరిగెత్తింది.

మా ఆయన నోట్లోంచి స్క్రూ తీశారు. "ఆవిడకి ఏదైనా అర్జెంటు పనుందా? డబ్బులు వద్దని చెప్దామంటే స్క్రూ అడ్డమొచ్చింది" అన్నారు.

నేను ఆ స్క్రూని రెండు చేతులా పుచ్చుకున్నాను. ఇడ్లీ గిన్నెలో వేసి ఉడకబెట్టాను. పొరపాటున మింగేస్తే నా పసుపు కుంకుమలకే ముప్పు కదా, అందుకని దాని తలకి దేవుడి దగ్గరి ఎర్రదారం కట్టి, రెండో కొస ఆయన చొక్కా గుండీకి కట్టాను. "ఇదిగో, ఎవరైనా డబ్బు ఊసెత్తగానే ఇది నోట్లో పెట్టుకోండి. వాళ్ళు బల్లమీద డబ్బులు పెట్టేదాకా తియ్యకండి" అన్నాను. వాల్టర్ చెప్పినవాటిలో మొదటి ముక్క మాకు పట్టుబడలేదు గానీ, రెండో ముక్కలో మా ఆయన్ని మించినవాడు మిషిగన్ మొత్తంలో లేడు.

మనవాళ్ళకి అవతలి మనిషి మౌనంగా ఉంటే ఊపిరాడదు. ఏం తప్పు చేశామో, తక్కువ చెప్పామేమో అని వాళ్ళే పెంచుకుంటూ పోయేవారు. హార్మోనియం ఆవిడ తనతో తనే బేరమాడుకుని, తనే కోప్పడి, తనే సర్దుకుని డెబ్భై ఇచ్చి వెళ్ళింది. సాయి తేజ "అంకుల్, ఓకేనా? అంకుల్, కోపమొచ్చిందా?" అని అడిగి అడిగి మూడు పదులూ, ఒక పిజ్జా కూపనూ బల్లమీద పెట్టాడు. డెబ్బీ అయితే ఈయనకి పంటినొప్పి అనుకుని తన డెంటిస్టు ఫోన్ నెంబరు కూడా రాసిచ్చింది. గుళ్ళో చెప్పుకోవడం మొదలుపెట్టారు, "తిరుపతయ్యగారు భలే స్ట్రిక్టు. చాలా ప్రొఫెషనల్" అని. చెవులారా విన్నాను. ప్రసాదం పుచ్చుకుంటూ నాకు నవ్వు ఆగలేదు.

కానీ వేసవి వచ్చింది. జనం ఇండియా ప్రయాణాలు పెట్టుకున్నారు. మే మూడో వారం ఒక్క మిక్సీ రాలేదు. ఖాళీ బల్ల ముందు కూర్చుని ఆయన ఆ పదకొండు వైపర్ మోటార్లూ తుడిచి, వరసగా పెట్టి, మళ్ళీ తుడిచేవారు. ఈశ్వరయ్య అన్నయ్య రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను అట్టపెట్టెలు తెచ్చి హాల్లో పెట్టాను. ఆయన వాటిని తప్పుకుని గరాజ్‌లోకి వెళ్ళారు.

మే ముప్పై శనివారం. గ్రాండ్ రివర్ రోడ్డు మీద ఇండియన్ గ్రోసరీ నడిపే సూర్యప్రకాశరావుగారు పొద్దున్నే ఫోన్ చేశారు. కాకినాడ మనిషి. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరం ఆడకుండా వదలడని పేరు. ఆయన కొట్టుకి కోయంబత్తూరు నుంచి అరవై గ్రైండర్లు దిగాయట. తీరా విప్పి చూస్తే అన్నీ ఇండియా కరెంటువి. ఇక్కడి ప్లగ్గులో పెడితే రాయి తిరగదు, మూలుగుతుంది. అరవైటికీ మోటార్లు మార్చాలి.

నేను గబగబా లెక్కేసుకున్నాను. ఇది కుదిరితే, ఆ కొట్టులో ఒక బల్ల వేసుకునే మాట కూడా అందులోనే కలిపితే, ఇక రోజూ వచ్చేపోయే జనం, రోజూ పని. ఫ్రిస్కో అక్కర్లేదు. కుదరకపోతే రేపే సామాను కట్టాలి. ఆయన చొక్కా గుండీకి దారం నేనే స్వయంగా కట్టాను.

సూర్యప్రకాశరావుగారు వెనక గదిలో కుర్చీలు వేయించారు. చుట్టూ గ్రైండర్ల పెట్టెలు, బియ్యం బస్తాలు. గోడకి బియ్యం కంపెనీ వాళ్ళిచ్చిన వెంకటేశ్వరస్వామి గడియారం. అయిదు నిమిషాల్లో పని సంగతంతా చెప్పారు. కొత్త మోటార్లు తనే కొనిస్తానన్నారు. తర్వాత "మరి..." అని ఆగారు.

మా ఆయన స్క్రూ నోట్లో పెట్టుకున్నారు.

సూర్యప్రకాశరావుగారు కూడా పెదాలు బిగించి, చేతులు కట్టుకుని వెనక్కి వాలారు. తర్వాత తెలిసింది, రాధారాణి చెప్పిందట ఆయనకి: "ఆయన దగ్గర నోరు విప్పకండి బాబాయిగారూ, విప్పిన కొద్దీ రేటు పెరుగుతుంది" అని.

ఇద్దరూ అలా కూర్చున్నారు. గడియారం టిక్కు టిక్కుమంటోంది. పది నిమిషాలు. కౌంటర్ దగ్గర పనిచేసే ఉమ టీ తెచ్చింది. స్క్రూ ఉంది కాబట్టి మా ఆయన తాగలేదు. పట్టుదల కాబట్టి సూర్యప్రకాశరావుగారూ తాగలేదు. పావుగంట. ఉమ చల్లారిన టీ తీసుకెళ్ళి వేడి టీ తెచ్చింది. ఇరవై అయిదు నిమిషాలు. అప్పడాలు ఎక్కడున్నాయని అడగడానికి వచ్చిన ఒకాయన మమ్మల్ని చూసి, నెత్తిమీది టోపీ తీసి, తలవంచి కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఉమ నా చెవిలో, "ఎవరైనా పోయారా ఆంటీ?" అంది.

ముప్పై అయిదు నిమిషాలు. ముందు ఎవరు మాట్లాడితే వాళ్ళు ఓడిపోయినట్టు. శశికళా, నోరు ముయ్యి. సూర్యప్రకాశరావుగారి నుదుటి మీద నరం ఉబ్బింది. పాపం పెద్దాయన, బీపీ ఉందేమో, మన మూలాన ఏమన్నా అయితే? అవతల టీ మళ్ళీ చల్లారిపోతోంది. మంచి మనిషి, దసరాకి స్వీట్లు కూడా పంపిస్తారు. అయ్యో, ఏమిటిది, ఇలా కూర్చోబెట్టి...

"అయ్యో అన్నయ్యగారూ! మన మధ్య డబ్బులేంటండీ!"

ఆ మాట అన్నది ఎవరా అని చుట్టూ చూశాను. నేనే!

మా ఆయన కళ్ళు ఇంతింతయ్యాయి. స్క్రూ పెదాల మధ్య నిటారుగా లేచి నిలబడింది. మార్చి నుంచీ ఏ మాట అన్నందుకు ఆయన్ని కాల్చుకు తిన్నానో ఆ మాటే, అక్షరం పొల్లుపోకుండా, నా నోట్లోంచి ఊడిపడింది. భూమి బద్దలైతే బాగుండుననిపించింది.

సూర్యప్రకాశరావుగారు మాత్రం నీళ్ళలోంచి తల పైకెత్తిన మనిషిలా ఊపిరి పీల్చుకున్నారు. "హమ్మయ్య! అదేం మాటమ్మా చెల్లెమ్మా! అన్నయ్యా అన్నాక ఆడపడుచు చేత ఊరికే పని చేయించుకుంటానా? మా అమ్మ బతికుంటే నన్ను ఇంట్లోకి రానిచ్చేదా? చెప్పమ్మా, ఎంత?"

"వద్దండీ" అన్నాను. ఒట్టు, నేననలేదు, నోరే అంది.

ఆయన నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగారు. అక్కడ ఎర్రబడ్డ మొహం, బిగబట్టిన పెదాలు, ఉబ్బిన బుగ్గలు. చూసి కంగారుపడ్డారు.

"అరెరె, బావగారు అలిగారు! ఇంతసేపూ నేను గమనించనేలేదండీ. ఆడపిల్లని అడిగాను గానీ ఇంటి అల్లుణ్ణి అడగలేదు, అదీ ఆయన కోపం. ముప్పై ఇవ్వనాండీ గ్రైండర్‌కి? ముప్పై అయిదు? అబ్బే, ఇలా కాదు. బావగారితో బేరమేంటి నాకు, చండాలంగా!" కుర్చీ ముందుకు లాక్కుని, రెండు చేతులూ పట్టుకుని అన్నారు. "మీరే చెప్పండి బావగారూ. ఏం కావాలి?"

నేను కళ్ళు మూసుకున్నాను. అచ్చం మా నాన్న మాట. అదే బతిమాలుడు, అదే గొంతు. వద్దన్న మాట నేనే రెండుసార్లు అనేశాను, మిగిలింది మూడోది. మా ఆయన నోట ఏం వస్తుందో నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు. మనసులో హాల్లో అట్టపెట్టెలకి టేపు వేసేశాను కూడా.

స్క్రూ టీ సాసర్లో పడి ఠింగుమంది.

"గ్రైండర్‌కి నలభై అయిదు" అన్నారు మా ఆయన. నల్లగా అనలేదు, నలుగురికీ అనలేదు. "సగం అడ్వాన్స్. ముందర కిటికీ పక్కన నాకొక బల్ల, రోజూ. రిపేర్ రేట్లు బోర్డు మీద రాసి పెడదాం." కొంచెం ఆగి గోడకేసి చూపించారు. "ఆ గడియారం కూడా."

అని నోరు మూసుకున్నారు. ఈసారి స్క్రూ లేకుండా.

సూర్యప్రకాశరావుగారు గడియారాన్ని చూశారు, బావగారిని చూశారు. "ఉమా! చెక్‌బుక్ తీసుకురా. ఆ గడియారం కూడా దింపు. ఇంకో టీ కూడా పెట్టమ్మా, ఈసారైనా తాగుదాం" అన్నారు.

కారులో గడియారం నా ఒళ్ళో ఉంది. చొక్కా గుండీ నుంచి ఎర్రదారం ఇంకా వేలాడుతూనే ఉంది. ఆయన డ్రైవ్ చేస్తూ ఈల వేస్తున్నారు. నాకు ఎంత సంతోషంగా ఉందంటే, ఆయన్ని అక్కడే తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. ముందు తిట్టడమే అలవాటు కాబట్టి అదే మొదలుపెట్టాను.

"గడియారం అంత ఇష్టమైతే ఆరోజు మా నాన్నని అడగలేకపోయారా? జేబులో పెట్టుకుని మరీ వచ్చారు మానవుడు!"

"అడుగుదామనే ఉన్నాను" అన్నారు. టెన్ మైల్ రోడ్డు సిగ్నల్ దగ్గర కారు ఆపి, ఎర్రలైటుకేసి చూస్తూ అన్నారు. "జేబులోంచి పట్టీ కనబడుతూనే ఉంది. మీ నాన్నగారు మూడోసారి అడగలేదు."

ఆశ లేని మనిషి అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈయన ఎదురుచూస్తూ కూర్చున్న మనిషి. హాల్లో అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. పెరుగన్నం తింటూ "నీ ఇష్టం" అన్నది గుర్తొచ్చింది. నేను లెక్కల మాస్టారి కూతుర్ని, రెండోసారి కూడా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏమండీ, ఫ్రిస్కో వెళ్దామా?" అన్నాను.

"నీ ఇష్టం."

"వెళ్దామా?"

"నీ ఇష్టం అన్నానుగా శశీ."

లైటు పచ్చబడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. కొట్టుకోనీ అని స్టీరింగ్ మీద ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"మూడోసారి అడుగుతున్నాను. వెళ్దామా?"

"వద్దు" అన్నారు.